“హ్యాపీ డేస్” చిత్రమందలి నవ్వు

శేఖర్ కమ్ముల కథ వ్రాసి, తానే నిర్మాతయు దర్శకుఁడునై తీసిన “హ్యాపీ డేస్” అను చలనచిత్రము 2007వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని విడుదలయ్యెను. 2024లో మరల థియేటర్లకు వచ్చినది. ఈ నడుమఁ గళాశాలలోఁ జేరఁబోవు తెలుఁగుబిడ్డలు పెట్టె సర్దుకొనుటకు ముందు దీనినొకమాఱు చూచుట వాడుక యైపోయినది. మా బొబ్బిలినుండి విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పిల్లలను ఏటేటఁ జదువునకుఁ బంపుచున్నవారము గనుక, దీనినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుట మాకు విధియని తోఁచినది. వినోదమునకు విమర్శ యేలయని కొందఱందురు. తల్లి చెప్పిన బుద్ధులను బాలుఁడు బండి విజయనగరము దాటకమున్నే మఱచును. నవ్వుచుఁ జూచిన దృశ్యములు మాత్రము హాస్టలు గదివఱకు వానివెంటఁ బోవును.

కథ యనఁదగినంత కథ లేదు. నలుగురు బాలురు హైదరాబాదులోని ఇంజనీరింగు కళాశాలలోఁ జేరుదురు. వారికిఁ దోడు కొందఱు బాలికలు. నాలుగేండ్లు చదివి, స్నేహించి, ప్రేమించి, కలహించి, మరలఁ గూడి, తుదకు వీడ్కోలు చెప్పుకొందురు. మా గొల్లపల్లి శిల్పులు ఒక్క పనసదుంగను తొలిచి వీణను చేయుదురు; ఈ చిత్రము అట్టిది కాదు, చిన్నచిన్న చెక్కలను చేర్చి యంటించినది. అయినను బలుకుచున్నది.

మెచ్చవలసినదానిని ముందు మెచ్చెదము. పదుగురిని గాలిలోనికి ఎగురఁగొట్టు కథానాయకుఁడిందు లేఁడు. నటులలోఁ బెక్కురు క్రొత్తవారు. ముఖములయందు అభ్యాసపు జిడ్డు లేదు. క్యాంటీనులోని కబుర్లు, పరీక్షముందటి రాత్రి భయము, అలిగినవాఁడు పలుకరింపునకై దొంగచూపులు చూచుట, ఇవి యన్నియుఁ గాలేజి చదివిన ప్రతివానికిఁ దెలిసినవే. మిక్కీ జె. మేయర్ సంగీతము వీనికిఁ దగినట్లు తేలికగా నున్నది. అన్నిటికంటె మాకు నచ్చినది బాలికల నడవడి. గాయత్రీ రావు ధరించిన అప్పు యను పాత్ర బాలురతో సరిసమానముగా వాదించును, ఎకసక్కెమాడును, అలుగును. ఆంగ్లవిమర్శకుఁడు జార్జి మెరెడిత్ 1877లోఁ గామెడీనిగూర్చి యిచ్చిన యుపన్యాసములో, స్త్రీపురుషులు సరిసమానులుగా మాటలాడుకొనఁగల సంఘమునందే నిజమైన హాస్యనాటకము వర్ధిల్లునని సిద్ధాంతము చేసెను. ఆ సిద్ధాంతమునకుఁ దెలుఁగు చిత్రములలో నుదాహరణము కావలెనన్న మేము అప్పును చూపుదుము.

మఱియొక యుదాహరణము టైసన్. ప్రసిద్ధ ముష్టియోధుని పేరు తగిలించుకొన్న ఈ బక్కపలుచని కుఱ్ఱఁడు తనకంటెఁ బైతరగతి చదువుచున్న శ్రావ్స్ అను బాలికను వలచును. వీనిని జూచి నవ్వనివారుండరు. కాని దర్శకుఁడు ఆ నవ్వులో వానిపట్ల వాత్సల్యమును గూడఁ గలిపినాఁడు. వరుఁడు వధువుకంటెఁ బెద్దవాఁడై తీరవలెనను నియమమును మన యిండ్లలో నేఁటికిని బంచాంగమువలెఁ బాటించుచున్నారు. ఈ చిత్రము ఉపన్యాసమక్కఱలేకయే దానిని ప్రక్కకు నెట్టినది. సంఘసంస్కరణ సభలు చేయలేని పని యొక్కొక్కప్పుడు బక్కపలుచని కుఱ్ఱఁడు చేయఁగలఁడు!

ఇఁక మాకుఁ జిరాకు పుట్టించినదానిని చెప్పెదము. చిత్రారంభమున ర్యాగింగు ఘట్టమున్నది. పైతరగతివారు క్రొత్తవారిని నిలువఁబెట్టి యవమానించుచుండఁగా మనము నవ్వవలెనని దర్శకుని యుద్దేశము. దానివలన విరోధములును గలుగునని చూపకపోలేదు; కాని ఆ తొలి నవ్వు చల్లారదు. టైసన్ వంటివానికి ఆ గుమ్మమునుండియే ప్రేమకు దారి దొరకును. ఆంధ్రప్రదేశ రాష్ట్రము ర్యాగింగును నిషేధించుచు 1997లోనే చట్టము చేసినది. తోడివిద్యార్థిని ఏడిపించినను, అవమానించినను ఆఱు నెలలవఱకుఁ గారాగారమనియు, వేయి రూపాయలవఱకు జుల్మానా యనియు, లేదా రెండు ననియు అందున్నది. చిత్రము వచ్చిన 2007లోనే రాఘవన్ సంఘపు సిఫారసులను సుప్రీము కోర్టు ఆమోదించి అమలునకు ఉత్తరువులిచ్చినది. చట్టము నేరమన్నదానిని చిత్రము చిలిపితనమనినది. ఎవరి మాట ఎక్కువమంది పిల్లల చెవినిఁ బడినదో చదువరులే యెఱుఁగుదురు.

కొన్నేండ్ల క్రిందట మా శిష్యుఁడొకఁడు కళాశాలలోఁ జేరిన మూఁడు వారములకే యిల్లు చేరెను. అర్ధరాత్రి మేడమీఁద నిలువఁబెట్టి వానిచేతఁ గబుర్లు చెప్పించుకొనిరఁట. కబుర్లకై కాదు, మన ప్రాంతపు యాసను వినుటకై. “ఏటి” యన్న మాట నోట వచ్చినపుడెల్ల నందఱును విరగఁబడి నవ్విరఁట. “నన్నూ నవ్వమన్నారండి మాస్టారూ” అని వాఁడు తల వంచుకొని చెప్పెను. తొలిదినముననే ఎవరికిఁ జెప్పకపోతివేమని మేమడిగితిమి. “సినిమాలో కూడా ఇలాగే ఉంటాది కదండీ. తర్వాత ఫ్రెండ్సైపోతారనుకున్నానండి” అనెను. ఆ మాటకు మేము సమాధానము చెప్పలేకపోతిమి.

భరతముని హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని రెండు విధములుగాఁ జెప్పెను. తాను నవ్వుట యొకటి, పరుని నవ్వించుట యొకటి. నవ్వుమని యొకని మెడపై చేయి వేయుట మాత్రము ఏ శాస్త్రమునను లేదు. “హ్యాపీ డేస్” చిత్రము తన పాత్రలు తమ తెలివితక్కువతనమును దామే చూచుకొను చోట్ల మనోహరముగా నున్నది. బలవంతుని పక్షమునఁ జేరి బలహీనుని జూచి నవ్వు చోట్ల రుచి చెడుచున్నది.

కమలినీ ముఖర్జీ ధరించిన శ్రేయ యను నధ్యాపకురాలి విషయమందును ఇంతే. ఆమె చెప్పిన పాఠమేదియు మాకు జ్ఞాపకము లేదు. తరగతిలోని బాలురు ఆమెను చూచిన చూపులు జ్ఞాపకమున్నవి. ఆఁడువారు కళాశాలలోఁ బాఠములు చెప్పుటకు మన పూర్వులెంత పోరాడవలసివచ్చెనో తలఁచుకొనునపుడు, ఆ బల్ల యెదుట నిలిచిన స్త్రీని వేడుకబొమ్మగాఁ జూపుట మాకు రుచింపలేదు. బాలికల నంత చక్కగా నడిపిన దర్శకుఁడే యీ పని చేయుట మఱియు విచారము.

మా పొరుగున విజయనగరములో 1892లోఁ బ్రదర్శితమైన “కన్యాశుల్కము” నందును గురుశిష్యులున్నారు, ఇంగ్లీషు డంబమున్నది, చిలిపితనమునకుఁ గొదువ లేదు. గిరీశము మనలను రంజింపఁజేయును, విసిగించును గూడ. కాని వెంకటేశమునకు వాఁడు చదువు చెప్పు తీరును జూచి మనము నవ్వునపుడు ఆ నవ్వు ఎవరిపైఁ బడవలెనో గురజాడ యెన్నఁడును మఱవలేదు. ఆ నాటకములోఁ జిన్నపిల్ల కన్నీటిని జూచి నవ్వుమని యెవరును జెప్పరు. శేఖర్ కమ్ములకు ఆ మెలకువ కొన్ని ఘట్టములలో నున్నది, కొన్నింటిలో లేదు. తరువాతి చిత్రములు దీనినిఁ జూచి నేర్చుకొన్నది ఏ భాగమునో చెప్పుట కష్టము కాదు. 2023లో వచ్చిన కల్యాణ్ శంకర్ చిత్రము “మ్యాడ్” లో హాస్యోక్తులు చురుకైనవే, నవ్వితిమి, కాదనము. టైసన్ వంటివాఁ డొక్కఁడును అందుఁ గనఁబడలేదు.

పిల్లలతోఁగూడ నింటిల్లిపాదియుఁ గూర్చుండి చూడవచ్చునాయని యడుగు గృహిణులకు మా ప్రత్యుత్తరము: నిస్సంశయముగాఁ జూడుఁడు. నిఖిల్ నటించిన రాజేశును, అప్పును పోట్లాడుకొనుచుండఁగా హాయిగా నవ్వుఁడు. ర్యాగింగు ఘట్టము వచ్చినపుడు మాత్రము చిత్రమునొక నిమిషము నిలిపి, నిన్నిట్లు చేసిన నెవరికిఁ జెప్పుదువని పిల్లవాని నడుగుఁడు. 2009నుండి దేశమంతటికిని ర్యాగింగు ఫిర్యాదులకొఱకు ఉచిత ఫోను ఏర్పాటు కలదు. పెట్టె మూఁత లోపలి ప్రక్కను ఆ సంఖ్యను వ్రాసి పంపుఁడు: 1800-180-5522.