దొరకని దోషాన్ని పట్టే చేతులు

రాజీవ్ రహదారి మీద తూంకుంట దగ్గర పాత కార్ల వైరింగ్ చూసే ఆటో ఎలక్ట్రీషియన్ పని నిలబడి చూడదగ్గది. మారుతి 800లో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి ఆరిపోతుంటుంది. షెడ్డుకు తెచ్చేసరికి మాత్రం మాయం. పూర్తిగా చెడినదాన్ని ఎవరైనా పట్టగలరు, అప్పుడప్పుడు చెడేదాన్ని పట్టడమే విద్య. అందుకే పానా ముట్టకముందు అడుగుతాడు: "ఎప్పుడొస్తది సార్? స్పీడ్ బ్రేకర్ ఎక్కితెనా, వాన పడితెనా, హెడ్‌లైట్లు ఏస్తెనా?" సగం జాడ ఆ జవాబుల్లోనే ఉంటుంది. బెల్టును బొటనవేలితో నొక్కి బిగువు చూస్తాడు. బ్యాటరీకి మీటరు పెడతాడు: ఇంజిన్ ఆగి ఉంటే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దరిదాపుల్లో. అంకెలు బాగున్నా అక్కడితో ఆగడు. ఆ ఎర్ర గుర్తు మీద కన్నేయమని కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, నడుస్తున్న బెల్టుకు చేయి తగలకుండా, బియ్యంలో రాళ్లేరే ఓపికతో వైర్ల కట్టను జానెడు జానెడు కదుపుతూ పోతాడు. ఆల్టర్నేటర్ వెనక కప్లర్ కదలగానే లోపల్నుంచి కేక, "వచ్చిందన్నా!" ఊడదీస్తే, పచ్చగా చిలుము పట్టిన పిన్ను. దాన్ని గీకి, వదులైన క్లిప్పును సన్నముక్కు ప్లయరుతో ఒక్క పిసరు నొక్కుతాడు. ఎక్కువ నొక్కితే విరుగుతుంది, ఆ పిసరెంతో వేళ్లకే తెలుసు. ఆల్టర్నేటర్ మార్చేయమనడం ఎంత సులువు! ఆ ఖర్చు తప్పించి, రాత్రిపూట పిల్లలతో కరీంనగర్ బయల్దేరే కుటుంబానికి ధైర్యం ఇస్తాడు. అయినా శామీర్‌పేట దాకా స్పీడ్ బ్రేకర్ల మీదుగా ఓసారి తిప్పి చూసుకున్నాకే తాళం చేతికిస్తాడు.