మిరప చేనికి తగిన ఫోను

స్మార్ట్‌ఫోను ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడునది కెమెరా మెగాపిక్సెళ్ల సంఖ్య. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప రైతుకు అది సరియైన కొలబద్ద కాదు. 2021లో అచ్చటి చేలను తీవ్రముగా దెబ్బతీసిన కొత్తరకపు తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. పూతలో దాగియుండు ఆ పురుగును ఫోటో తీసి వ్యవసాయాధికారికి చూపవలెనన్నచో, కెమెరా ఎంత దగ్గరి వస్తువును స్పష్టముగా పట్టగలదో తెలియవలెను. దగ్గరకు తెచ్చిన పూవు మసకబారినచో, 108 మెగాపిక్సెళ్లు ఆ మసకనే మరింత వివరముగా చూపును! ప్రకటనలు ఈ దూరమును చెప్పుట అరుదు. కావున దుకాణములోనే ఒక మిరప గింజను ఫోటో తీసి చూచుట మేలు.

తెర వెలుగును నిట్లలో కొలుతురు. ప్రకటించు గరిష్ఠ సంఖ్య తరచుగా తెరలో కొద్ది భాగమునకు, కొద్దిసేపటికి మాత్రమే వర్తించును. నట్టెండలో ధర చదువుకొనువాడు ఫోనును వీధిలోనికి తెచ్చి పరీక్షింపవలెను.

మిరప యార్డులోని వర్తకుని అవసరము వేరు. అతనికి రోజంతా నిలుచు బ్యాటరీ, దుమ్ము చొరని కట్టుబడి ముఖ్యము. ఐపీ 67 అను గుర్తులో 6 దుమ్మునుండి పూర్తి రక్షణను తెలుపును. అయితే ఒకసారి విప్పి బాగుచేసిన ఫోనులో ఆ రక్షణ నిలిచియుండునని నమ్మరాదు.