జాడ పట్టే కళ్లు

కడప జిల్లా లంకమల అడవిలో, పుష్యమాసపు చలిలో కలివికోడి జాడ వెతికే స్థానికుల పనితనం గొప్పది. ముందురోజే పొదల మధ్య నేల చదును చేసి, మెత్తటి మన్ను పట్టీలుగా పరుస్తారు. పొద్దు పొడవగానే, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే, మంచుకు తడిసిన ఆ మన్ను మీదికి వంగి చూస్తారు. కలివికోడి కాలికి ముందువైపు మూడు వేళ్లే. కౌజుకున్నట్టు వెనకవేలు ఉండదు. ఆ ఒక్క తేడాను గింజంత గుర్తులో పట్టేస్తారే, అదీ నేర్పంటే! రాత్రిపూట తిరిగే పిట్ట కదా, కంటికి చిక్కకున్నా అడుగు చిక్కితే చాలు. 1900 తర్వాత జాడలేని ఈ పక్షి 1986లో మళ్లీ దొరికింది, పట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తల పక్కన ఆయన పేరూ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.