చుక్కతో మొదలయ్యే పేర్లు

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. డిస్కులో పార్టిషన్ అంటే ఏమిటని అడిగే కుర్రాళ్ళకు నేను చెప్పే ఉదాహరణ ఇదే. నేల పాతదే, గీత కొత్తది. గీత దాటాల్సినవన్నీ దాటాయా అన్నదే తలనొప్పి.

లైనక్స్‌లో ఒక పార్టిషన్‌లోని ఫైళ్ళను ఇంకోదానికి చేర్చడానికి చాలామంది సీపీ మైనస్ ఆర్ కొట్టి పక్కన స్టార్ పెడతారు. షెల్ ఆ స్టార్‌ను పేర్లుగా విప్పుతుంది గానీ, చుక్కతో మొదలయ్యే పేర్ల జోలికి పోదు. ఎర్రర్ కూడా రాదు. అసలు చిక్కు అదే.

తెనాలిలో డీటీపీ చేసుకునే మనిషినే తీసుకోండి. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లు తన లాగిన్‌లో వేసుకుంటే, అవి సాధారణంగా చేరేది హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్ లోపలికి. స్టార్‌ను నమ్మి కాపీ కొడితే శుభలేఖల ఫైళ్ళన్నీ వస్తాయి, వాటి అక్షరాలు రావు. ఆ ఫాంట్లలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ! సొంతూళ్ళోనే మాయమవడం ఆయనకైతే సరదాయే, ముహూర్తం ముంచుకొచ్చిన పెళ్ళివారికి కాదు.

ఈ దాపరికం ఎవరూ ఆలోచించి పెట్టిందీ కాదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండే ఒంటి చుక్క, జంట చుక్క ఎల్‌ఎస్ జాబితాలో కనబడకూడదని యూనిక్స్ తొలిరోజుల్లో మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రం చూసి ఊరుకున్నారు. యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ దీన్ని పొరపాటనే అన్నాడు.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివే మా రేపల్లె మేనల్లుడు, "చుక్క స్టార్ అని ఇంకోసారి కొడితే సరిపోద్ది కదా మామయ్యా" అంటాడు. పాత బ్యాష్ షెల్‌లో అది జంట చుక్కనూ పట్టుకుని పై ఫోల్డర్‌ను కూడా లాక్కొస్తుంది. బ్యాష్ 5.2 నుంచి మానేసింది. అదీ 2022లోనే వచ్చింది.

నేను సుడోతో సీపీ మైనస్ ఏ కొట్టి, పాత ఫోల్డర్ పేరు చివర స్లాష్, చుక్క పెట్టి, చేరాల్సిన చోటు రాస్తాను. ఇక్కడ షెల్ విప్పడానికేమీ లేదు. దాగినవీ వస్తాయి, తేదీలూ ఓనర్లూ పర్మిషన్లూ చెదరవు. కరెంటు మీద నమ్మకం లేని రోజున ఆర్‌సింక్ మైనస్ ఏ మేలు. మధ్యలో ఆగినా మళ్ళీ కొడితే అప్పటికే చేరిన ఫైళ్ళను వదిలి ముందుకెళుతుంది. ఆపైన డిఫ్ మైనస్ ఆర్. అది నోరు మెదపకపోతేనే పాత పార్టిషన్‌ను ఫార్మాట్ చేయాలి.

మేనల్లుడు మధ్యలో పెన్‌డ్రైవ్ వాడదామంటాడు. అది ఫ్యాట్‌లో ఉంటే ఓనరూ పర్మిషన్లూ అక్కడే పోతాయి.