నీళ్లు తాగే బుష్

కోటబొమ్మాళికి సముద్రం కనిపించదు. సంతబొమ్మాళి మీదుగా తూర్పుకు పోతే భావనపాడు ఇసుక తగులుతుంది. అక్కడి పడవల్లో చాలావాటికి ఇంజను వెనకాల వేలాడుతుంది కాబట్టి షాఫ్టు గొడవ తక్కువ. అడుగులోంచి షాఫ్టు బయటికి పోయే మరబోట్లు విశాఖ చేపల రేవులోనూ, మన శ్రీకాకుళం జిల్లావాళ్లు వలసపోయే గుజరాత్ రేవు వెరావల్‌లోనూ ఎక్కువ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి, బోటు నీళ్లలోకి దిగాక గేరు వేస్తే ఒక్కోసారి ఇంజను మూలిగి ఆగిపోతుంది. షాఫ్టు పట్టేసిందన్నమాట.

సుత్తి జోలికి పోకూడదు. మళ్లీ మళ్లీ గేరు వేయడం అంతకన్నా తప్పు. పని తెలిసిన మెకానిక్ ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, కప్లింగు విప్పుతాడు. గేరుబాక్సు వైపు చేత్తో తిరిగి, షాఫ్టు తిరగకపోతే లోపం వెనకే. తర్వాత షాఫ్టు చుట్టూ తాడు ప్యాకింగును నొక్కి ఉంచే గ్లాండు నట్లు కాస్త వదులు చేస్తాడు. పూర్తిగా విప్పితే నీరు లోపలికి తన్నుకొస్తుంది. ఒక్క చుక్కా కారకూడదని ఆ నట్లను బిగించేసేవాళ్లు ప్రతి రేవులోనూ ఉంటారు. తాడు ప్యాకింగుకు ఆ చుక్కలే ప్రాణం. అవి అందకపోతే కాలి షాఫ్టును కొరికేస్తుంది.

అక్కడా కాదంటే నీళ్లలోకి దిగాలి. ఇంజను తాళం దిగేవాడి దగ్గరే ఉండాలి. ఫ్యాను (ప్రొపెల్లరు)కీ, షాఫ్టు వెనక కొసను మోసే బుష్‌కీ మధ్య చుట్టుకున్న నైలాను పోగులు రాపిడి వేడికి కరిగి, చల్లారాక రాయిలా బిగుసుకుంటాయి. కత్తితో పొరపొరా కోసి తీయాల్సిందే.

పోగులూ లేకపోతే అసలు ముద్దాయి బుష్. చాలా బోట్లలో అది ఇత్తడి గొట్టం, లోపల గాడులున్న రబ్బరు. గాడుల్లో పారే నీరే దానికి నూనె. ఈ ఉపాయం పాతదే. ఓడల ఇత్తడి బేరింగులు త్వరగా అరిగిపోతుంటే 1854లో ఇంగ్లండులో ఇంజనీరు జాన్ పెన్ లిగ్నం వైటే చెక్క పట్టీలు అమర్చి, వాటి సందుల్లో సముద్రపు నీరు పారించాడు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెక్క అది.

రెండు నెలలు గట్టున ఎండిన రబ్బరు షాఫ్టును అంటుకుపోతుంది. గ్రీజో డీజిలో పోస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మరింత పట్టేస్తుంది. (గ్రీజు కప్పు ఉన్న లోహపు బుష్ సంగతి వేరు.) సబ్బునీళ్లు పోసి, ఫ్యాను రెక్కలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపాలి. కాసేపటికి వదులుతుంది. వదలకపోతే బుష్ మార్చాలి.

కొత్త బుష్ కూడా త్వరగా పట్టేస్తే షాఫ్టు వంకరైనా అయి ఉండాలి, ఇంజనుతో వరస తప్పి అయినా ఉండాలి. కప్లింగు ముఖాల మధ్య ఫీలర్ గేజి పెట్టి చుట్టూ చూస్తారు. పది సెంటీమీటర్ల కప్లింగుకు సందు తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. గట్టున సరిగ్గా ఉన్నది నీళ్లలో మారుతుంది. అందుకే బోటు తేలాకే కొలత. ఈ కొలత తప్పి నడిసముద్రంలో షాఫ్టు పట్టేస్తే మరో బోటు తాడు కట్టి లాగాలి, ఆ పూట వాళ్ల వేటా పోయినట్టే.

అన్నీ బిగించి రేవులో కాసేపు తిప్పాక మెకానిక్ గ్లాండు మీద అరచెయ్యి ఆనిస్తాడు. వేడెక్కలేదంటే వంగి, నిమిషానికి ఎన్ని చుక్కలు కారుతున్నాయో లెక్కపెడతాడు.