పలికే పలక

మామూలు స్పీకర్‌లో కోన్ మొత్తం ఒక్క ముక్కలా ముందుకూ వెనక్కూ కదలాలి. మధ్యలో వంగిందంటే శబ్దం చెడినట్టే. మదీనాగూడలో మా ఫ్లాట్‌లో నేను తయారుచేసుకుంటున్న పలక స్పీకర్లది ఇందుకు పూర్తిగా ఎదురు దారి. వాటిలో పలక వంగితేనే పాట. కోన్ లేకుండా కాయిల్, అయస్కాంతం మాత్రమే ఉండే ఎక్సైటర్ అనే బిళ్లను తేలికైన పలక వెనక అతికిస్తాం. అది కంపించగానే పలక నిండా అలలు పాకుతాయి. ఏ స్వరానికి ఏ చోటు ఊగుతుందో, ఏ చోటు కదలకుండా ఉంటుందో వేరువేరు. 1787లో ఎర్న్‌స్ట్ క్లాడ్ని రేకు మీద ఇసుక చల్లి, అంచున కమాను లాగి లోకానికి చూపించిన గీతలు ఆ కదలని చోట్లవే.

1990ల్లో బ్రిటన్ రక్షణ పరిశోధకులు తేనెపట్టు అల్లికతో ఉండే విమాన ప్యానెళ్లను పరీక్షిస్తూ, అవి శబ్దాన్ని బాగా వెదజల్లుతాయని గమనించారు. ఎన్‌ఎక్స్‌టీ అనే సంస్థ దాన్ని స్పీకర్‌గా మలిచింది. 2017లో సోనీ టీవీ తెరనే ఇలా పలికించింది.

ఆ తేనెపట్టు ప్యానెల్ మనకు సులువుగా దొరకదు, గట్టి రకం థర్మోకోల్ దొరుకుతుంది. ఆంప్లిఫైయర్ బోర్డు, వైర్లు కోటి గుజరాతీ గల్లీలో కొనుక్కోవచ్చు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగడమే. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి థర్మోకోల్‌కు రెండువైపులా పూయాలి. ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు పలక వంకర తిరుగుతుంది. ఆరిన పూత గట్టి చర్మంలా పట్టుకుంటుంది, లోపల మాత్రం గాలి నిండిన తేలికదనమే. విమాన ప్యానెల్ బలమూ ఇదే: గట్టి పొరల నడుమ తేలికైన గుజ్జు. పూతకు ముందు మసకగా వినిపించిన తాళాల మోత, పూత తరవాత విచ్చుకోవడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

ఎక్సైటర్‌ను నట్టనడుమ పెట్టకూడదు. చాలా కంపనాల కదలని గీతలు అక్కడే కలుస్తాయి, ఆ స్వరాలకు ఊపు అందదు. పొడవులో, వెడల్పులో అయిదింట రెండు వంతుల దగ్గర మొదలుపెట్టి, పాట నడుస్తుండగా బిళ్లను చేత్తో అదిమి కొద్దికొద్దిగా జరుపుతాను. గొంతులో ముక్కుధ్వని పోయి మాట విడివిడిగా వినిపించే చోటు ఒకటి ఉంటుంది. ఫోన్‌లో కొలిచే యాప్‌లున్నాయి, వాడతాను కూడా. కానీ ఆఖరి తీర్పు చెవిదే అని నా నమ్మకం, ఎందుకంటే ఈ పలకను యంత్రంగా కాక వాద్యంగా చూడాలి.

వాద్యం చేసేవాళ్లకు ఇది పాత సంగతే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు. తీగ ఒక్కటే మోగితే గదిలో వినిపించేది ఎంత? కుండ మీది పైపలక కంపిస్తేనే అది వీణ నాదమవుతుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో మృదంగం మీద రాస్తూ, మూత మధ్యనున్న నల్లటి పూత బరువు వల్లే దాని ఉపస్వరాలు వరస కుదురుతాయని చూపారు. నేను కూడా పలక వెనక చిన్న మైనపు ముద్ద అంటించి, ఎబ్బెట్టుగా మోగే చోటును అణుస్తుంటాను. చిటికెడు బరువుకు అంత తేడా రావడం నన్నెప్పుడూ ఆనందపెడుతుంది.

బేస్ మాత్రం తక్కువ. పెట్టె లేదు కనుక ముందు అల, వెనక అల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూలన సబ్‌వూఫర్ పెట్టాల్సిందే, పలకను గోడకు కాస్త ఎడంగా నిలబెట్టాల్సిందే. ఆ లోటుకు మించి ఇచ్చేది ఒకటుంది: శబ్దం ఒకే వైపు దూసుకుపోదు. సోఫా ఎదుట కూర్చున్నవాళ్లకూ, వంటింటి గుమ్మం దగ్గర పనిలో ఉన్నవాళ్లకూ దాదాపు ఒకే పాట. చిన్న హాలులో తక్కువ ధ్వనితో ఇంటిల్లిపాదీ వినాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు.

గాత్రానికి థర్మోకోల్, వీణకు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నా చెవికి నచ్చాయి. ఇక పనస చెక్కను పలుచగా కోయించి, దాని వెనక ఎక్సైటర్ పెట్టి, వీణ రికార్డింగు వినాలి.