చిన్నకట్టె పలకలు: ఎంతవరకు కలపకు సాటి?

పత్తి వ్యాపారమునకు పేరుపడిన ఆదోని, దాని పొరుగున ఉన్న ఎమ్మిగనూరు ప్రాంతములలో పత్తి ఏరిన పిమ్మట మిగులు కట్టెను పొయ్యికి వాడుదురు. తక్కినదానిని చేనిలోనే కాల్చివేయుదురు. బీళ్ళలో సర్కారు తుమ్మ, అనగా కంపచెట్టు, వంకరటింకరగా పెరిగి వంటచెరకుగను బొగ్గుగను పోవుచున్నది. ఈ రెంటిని ముక్కలుచేసి, జిగురు కలిపి, వేడిమితో అదిమి పలకలు చేసినచో ఇండ్ల కొరకు పెద్దచెట్లను నరుకనక్కరలేదని ఒక వాదము కలదు. అది ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలసియున్నది.

పత్తికట్టె విషయమున ఈ వాదమునకు బలమున్నది. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఈ కట్టెతో పార్టికల్ బోర్డు చేయు పద్ధతిని రూపొందించినది. హెక్టారుకు సుమారు 2 నుండి 3 టన్నుల కట్టె లభించును. కట్టెను చేనినుండి తొలగించినచో మిగిలిన కాయలలో దాగు గులాబిరంగు పురుగు బెడదయు తగ్గును.

కంపచెట్టు సంగతి వేరు. 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిన ఈ చెట్టు కట్టె గట్టిది, బరువైనది. ముక్కలు ఒకదానికొకటి బాగుగా అంటుకొనవలెనన్న, పలక సాంద్రత మూలపు కట్టె సాంద్రతకంటె ఎక్కువ కావలెను. తేలికకట్టె సులభముగా అణగును. బరువైన కట్టెతో చేసిన పలక మోయరానంత బరువగును. కనుక ఏ కట్టెయైనను ఒకటే యనుట సరికాదు.

వాదములోని పెద్దలోపము మరొకటి. మట్టిమిద్దెను మోయు దూలములో నారలు ఈ కొననుండి ఆ కొనవరకు సాగియుండును. ముక్కలు చేసినపుడు కణుపులు, వంకరలు చెదరి పలక అంతట ఒకే తీరుగా ఉండును. కాని నారల బలము తెగిపోవును. కావున పార్టికల్ బోర్డు అరలకు, బల్లలకు, గదులమధ్య అడ్డుపలకలకు తగును, దూలమునకు తగదు. నారలు తెగకుండ వలిచిన పొరలను ఒకే దిశలో అతికించిన చెక్క మోతకు పనికివచ్చును. అందుకు నీలగిరి, సుబాబుల్ వంటి నిటారు కాండములు కావలెను; వంకర కంపచెట్టు చాలదు.

జిగురును కూడ విచారింపవలెను. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు చవక. కాని తేమకు ఓర్వదు. దానినుండి వెలువడు ఫార్మాల్డిహైడ్ వాయువు మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు నీటికి ఓర్చును, వాయువును తక్కువగా విడుచును, ఖరీదు ఎక్కువ. చెట్టు చిన్నదైనంతమాత్రమున పలక మేలైనది కాదు.

దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒక పార్టికల్ బోర్డు ముక్క, ఒక టేకు ముక్క తీసికొని వాటి మందములను వెర్నియర్ కాలిపర్సుతో కొలిచి, 24 గంటలు నీటిలో ఉంచి మరల కొలువవలెను. తరువాత బాగుగా ఆరనిచ్చి మూడవసారి కొలువవలెను. టేకు ముక్క ఇంచుమించు మొదటి మందమునకు వచ్చును. సాధారణ పార్టికల్ బోర్డు ఉబ్బినది పూర్తిగా తగ్గదు. వాన తగులు చోట ఏ పలక వాడవలెనో విద్యార్థులు ఆ మూడు కొలతలను బట్టి తామే చెప్పగలరు.